పుష్కరాల ఖర్చులో వాగుల వాటా

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో లాగే ఈసారి కూడా కాళేశ్వరంలో, మంగపేటలో, రామన్నగూడెంలో రేవులకు మెట్లు కడతారు, రోడ్లు వేస్తారు, బస్సులు నడుపుతారు. అవన్నీ చేయాల్సిందే. పన్నెండేళ్లకోసారి నదికి మొక్కుకోవడానికి వచ్చే జనానికి నీడ, నీళ్లు, దారి చూపడం ప్రభుత్వం పని. కానీ ఆ ఖర్చులో ఒక వాటా నదికి కూడా దక్కాలని నేను అడుగుతున్నాను. నది అంటే నా ఉద్దేశంలో ఘాట్ల దగ్గర కనిపించే పాయ ఒక్కటే కాదు. ఆ పాయకు నీళ్లు మోసుకొచ్చే వాగులు, చెరువులు, అడవులు కూడా నదిలో భాగమే. వరంగల్ వాళ్లకు ఈ మాట తొందరగా అర్థం కావాలి. ఎందుకంటే మన నగరం నది ఒడ్డున పుట్టలేదు.

రాజమహేంద్రవరానికి, భద్రాచలానికి, ధర్మపురికి గోదావరి గడప ముందే ఉంటుంది. ఓరుగల్లు మాత్రం రెండు నదుల మధ్య మిట్ట మీద ఉంది. ఉమ్మడి జిల్లాలో లక్నవరం చెరువు నిండి పారితే ఆ నీళ్లు జంపన్నవాగు గుండా గోదావరికి చేరతాయి. పాకాల నిండి పారితే మున్నేరులో పడి కృష్ణకు పోతాయి. దగ్గర దగ్గర అడవుల్లో కురిసిన వాన రెండు దారులుగా చీలి రెండు మహానదుల్లో కలుస్తుంది. ఇలాంటి నేల మీద రాజధాని కట్టుకున్నవాళ్లకు వాన నీటిని కిందికి పోకముందే ఆపుకోవడం తప్ప మరో దారి లేదు.

కాకతీయులు చేసింది అదే. గణపతిదేవుడి కాలంలో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో గుడి కట్టించాడు. దాని పక్కనే రామప్ప చెరువు ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది ఆ గుడే. ఆ గుడి చుట్టూ ఊరు నిలవడానికీ, ధూపదీపాలు నడవడానికీ ఆధారమైంది చెరువు కింద పండిన పొలం. పాకాల చెరువును జగదాళ ముమ్మడి కట్టించాడని శాసనం చెబుతోంది. గణపతిదేవుడి సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి, దాని గట్టున వేయించిన శాసనంలో కాకతీయుల వంశక్రమం చెక్కించింది. తమ వంశం పేరు నిలవాల్సిన చోటు చెరువుగట్టే అని ఆ రాచబిడ్డ అనుకున్నదంటే ఆ కాలం విలువలేమిటో తెలుస్తుంది.

ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అక్కడి నుంచి మరో చెరువుకు, చివరికి వాగుకు, వాగు నుంచి నదికి చేరతాయి. ఆ గొలుసుకట్టుతో పాటు పనుల గొలుసు కూడా అల్లుకుంది. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత పారించాలో చూసేవాడు నీరటి. కల్లం దగ్గర అతని వాటా గింజలు అతనికి కొలిచేవారు. చేపల మీద ముదిరాజులు, గంగపుత్రులు బతికారు. చాకలి రేవు, కుమ్మరి మట్టి, గొల్లల మందలకు నీళ్లు, అన్నీ చెరువు దగ్గరే. కట్టకు గండి పడకుండా కాపాడమని కట్టమైసమ్మకు ఊరంతా మొక్కేది. ఊళ్లో కులాల మధ్య హెచ్చుతగ్గులు లేవని కాదు, ఆ నీటి పంపకంలోనూ అన్యాయాలున్నాయి. అయినా కట్ట తెగితే అందరి ఇళ్లూ మునుగుతాయి గనుక కట్ట మాత్రం అందరి బాధ్యతగా ఉండేది.

మన పండుగ కూడా ఆ చెరువులోంచే వచ్చింది. వానలు వెనకపట్టి చెరువులు నిండే వేళకు చెలకల్లో గునుగు, బీళ్లలో తంగేడు పూస్తాయి. ఎవరూ విత్తని ఆ పూలను పేర్చి, తొమ్మిది రోజులు ఆడి, సద్దుల నాడు నీళ్లలో వదులుతారు. హనుమకొండలో పద్మాక్షి గుట్ట దగ్గర ఆ రాత్రి చూసినవాళ్లెవరికైనా తెలుసు, బతుకమ్మకు కావలసింది బీడులో పువ్వు, ఊళ్లో నీళ్లు. ఆ రెండూ లేనిచోట మిగిలేది లౌడ్‌స్పీకర్ పాటలే.

మేడారం కథ మరో సంగతి గుర్తు చేస్తుంది. కరువొచ్చి కప్పం కట్టలేకపోయిన కోయ దొరల మీదికి ప్రతాపరుద్రుడి సైన్యం దండెత్తిందనీ, పగిడిద్దరాజు, సారలమ్మ, జంపన్న పోరాడి ప్రాణాలిచ్చారనీ, సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయిందనీ జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు. చెరువులు తవ్వించిన రాజ్యమే అడవిలో కరువును గుర్తించలేదన్నమాట. జంపన్న ఒరిగిన వాగులో స్నానం చేసి, అమ్మవార్లకు బంగారమని బెల్లం సమర్పించి, ఆ కథను జనం రెండేళ్లకోసారి మళ్లీ తలచుకుంటారు. మాఘమాసంలో జరిగే ఆ జాతర నాటికి వాగులో నీళ్లు చాలక లక్నవరం నుంచి వదలాల్సి వస్తోంది, గట్టు మీద నల్లాలు బిగించాల్సి వస్తోంది. దేవత దగ్గరికి పోయే దారిలో వాగు ఎండిపోతుంటే మనకు అది ఏర్పాట్ల సమస్యగానే కనిపిస్తోంది. అది అడవి సమస్య, ఇసుక సమస్య, చెరువు సమస్య.

నది ఒడ్డు ఊళ్ల సంగతి వేరు. ఏటూరునాగారం, మంగపేట, వాజేడు, వెంకటాపురం రైతులకు గోదావరి ఒండ్రు పెట్టిన నేలే బలం. అక్కడ పండిన మిర్చి ఏనుమాముల మార్కెట్‌కు వస్తుంది. ఎర్రటి బస్తాలతో నిండిన ఆ యార్డులో ఆ ఒండ్రు సారం కూడా కనిపిస్తుంది. కానీ ప్రాణహిత, ఇంద్రావతి కలిశాక బలిసిన ఆ ప్రవాహమే ఒడ్డును కోస్తుంది. మంగపేట దగ్గర పట్టా భూములు నదిలో కలిసిపోయాయి. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు వరద ఎక్కినప్పుడు ఎగువన ఈ ఊళ్లు కూడా ఇళ్లు వదిలి పునరావాస కేంద్రాలకు పోయాయి. నది పెట్టే చేతులతోనే తీసుకుంటుందని వాళ్లకు తెలుసు. వాళ్లడిగేది గట్టి కరకట్ట, ఒడ్డుకు రాతికట్టు, కొట్టుకుపోయిన నేలకు పరిహారం. మూడూ న్యాయమైనవే.

మరి మిట్ట మీది మనం ఏం చేశాం? నదినే పైకి తెచ్చుకున్నాం. పోచంపాడు దగ్గర 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ దిగువ మానేరు దాటి మన పొలాలకు వచ్చింది. గంగారం దగ్గర గోదావరిని ఎత్తి భీం ఘనపురం, పులుకుర్తి, ధర్మసాగరం మీదుగా జనగామ దాకా నడిపే దేవాదుల పథకం వచ్చింది. 400 మీటర్లకు పైగా నీటిని ఎత్తడం చిన్న పని కాదు. జనగామ మెట్ట రైతు కళ్లతో చూసినవాళ్లెవరూ ఆ పథకాన్ని చులకన చేయలేరు. నేనూ చేయను. కానీ ఎత్తిపోతలు కరెంటు మీద, యంత్రాల మీద, కట్టడం నాణ్యత మీద ఆధారపడతాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగినప్పుడు ఆ ఆధారం ఎంత పెళుసుగా ఉండగలదో రాష్ట్రమంతా చూసింది.

పెద్ద జలాశయానికి మరో లోటుంది. శ్రీరాంసాగర్ మొదట 112 టీఎంసీల కోసం కట్టినది. పూడిక చేరి ఇప్పుడు 80 టీఎంసీల దగ్గరికి వచ్చింది. ఆ పూడికను తీయడం ఎవరి వల్లా కావడం లేదు. అదే ఊరి చెరువులో చేరిన పూడిక ఎండాకాలంలో బండ్ల మీద చేనుకు పోయి ఎరువవుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టినప్పుడు రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లు పెట్టి ఆ మట్టి తోలుకున్నారు. చెరువుకు లోతు పెరిగింది, చేనుకు బలం వచ్చింది. ఆ పని ఏడాదికేడాది జరగాల్సింది. పథకంగా మొదలుపెట్టి పథకంగానే ముగించాం.

నగరంలో సంగతి ఇంకా బాధాకరం. 2020 ఆగస్టులో వరంగల్ కాలనీలు మునిగాయి. 2023 జూలైలో మళ్లీ మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఆ జూలైలోనే మోరంచపల్లిని మోరంచవాగు, కొండాయిని జంపన్నవాగు ముంచెత్తి మనుషుల ప్రాణాలు తీశాయి. 2025 అక్టోబరులో మొంథా తుపాను మళ్లీ నగరాన్ని నీటిలో నిలబెట్టింది. ఇన్నిసార్లు జరిగాక దాన్ని ప్రకృతి కోపం అనడం తప్పు. మత్తడి దారిలో ఇళ్లు కట్టనిచ్చాం, శిఖం భూములను ప్లాట్లు చేయనిచ్చాం, నాలాలను ఇరుకు చేసి వాటి నిండా మురుగు వదిలాం. కింది చెరువుకు పోవాల్సిన నీళ్లకు దారి లేకపోతే అవి మన ఇంట్లోకే వస్తాయి. దాహానికి దూరం నుంచి గోదావరిని ఎత్తి తెచ్చుకుంటూ, ఇంటి ముందు కురిసిన వానకు మాత్రం చోటు లేకుండా చేసిన నగరం మనది.

అందుకే పుష్కరాల లోపు మూడు పనులు జరగాలి. మొదటిది, హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లోని ప్రతి చెరువుకూ నిండు మట్టం ఎక్కడిదాకా ఉందో కొలిచి, ఎవరికైనా కనిపించేలా హద్దురాళ్లు పాతాలి. చెరువును చెరువుకు కలిపే కాలువలు, మత్తడి దారులు తెరవాలి. అక్కడ కాపురమున్న పేదలకు ముందే వేరేచోట ఇళ్లిచ్చి పంపాలి, ప్లాట్లు అమ్మి సొమ్ము చేసుకున్నవాళ్ల దగ్గర ఆ ఖర్చు రాబట్టాలి. రెండోది, జంపన్నవాగు, మోరంచవాగు పరీవాహకంలో ఇసుక తవ్వకాలకు కచ్చితమైన హద్దు పెట్టి, పైనున్న అడవిని కాపాడే పని ఆ అడవిలోనే బతికే కోయ గూడేలకు జీతమిచ్చి అప్పగించాలి. వరద హెచ్చరిక మొదట చేరాల్సిందీ వాళ్లకే. మూడోది, ప్రతి చెరువుకూ ఒక నీరటిని మళ్లీ నియమించాలి. ఏ కులమైనా, ఆడైనా మగైనా సరే, పంచాయతీ జీతమిచ్చే ఉద్యోగం కావాలది. ఎనిమిది వందల ఏళ్లు ఈ చెరువులు నిలిచాయంటే వాటిని రోజూ చూసుకునే మనిషి ఒకడు ఉండబట్టే.

వీటికయ్యే ఖర్చు ఘాట్ల ఖర్చు కన్నా పెద్దదేమీ కాబోదని నా నమ్మకం. ఘాట్లు పన్నెండు రోజులు పనికొస్తాయి. తెరిచిన మత్తడి దారి ప్రతి వానాకాలం పనికొస్తుంది. పుష్కర స్నానానికి కాళేశ్వరం వెళ్లే వరంగల్ మనిషి తన వార్డు సభ్యుణ్ని, కార్పొరేటర్‌ను, ఎమ్మెల్యేను ముందుగా ఒక ప్రశ్న అడగాలి: మా చెరువు హద్దురాళ్లు ఎప్పుడు పాతుతారు? ఆ ప్రశ్నకు తేదీతో సహా జవాబు రాబట్టడం కూడా గోదావరికి చేసే మొక్కే.