భూమి మాది, రాయితీ ప్రజలది – మరి వాటా ఎవరిది?

ఏ పార్టీ గద్దెనెక్కినా పాట ఒక్కటే. పెట్టుబడులు రావాలి, పరిశ్రమలు రావాలి, మన రాష్ట్రం పక్క రాష్ట్రాన్ని దాటిపోవాలి. 1999లో ‘విజన్ 2020’ పుస్తకం అచ్చేసినప్పుడు ఇదే పాట. రాష్ట్రం రెండైనాక అటూ ఇటూ కూడా ఇదే పాట. ముఖ్యమంత్రులు దావోస్ మంచులో కంపెనీ పెద్దలతో చేతులు కలుపుతారు. మర్నాడు పేపర్ల మొదటి పేజీ నిండా వేల కోట్లు, లక్షల కోట్లు. ఆ పేపరు చదివి మేం అడిగే ప్రశ్న ఒక్కటే. ఇంత పెద్ద లెక్కలో మా వాడ ఏ గడిలో ఉంది?

ముందుగా ఒక సంగతి తేల్చి చెప్తున్నాం. మేం పరిశ్రమలకు శత్రువులం కాదు. పచ్చని పల్లె, చల్లని గాలి అని పాడుకునే వాళ్లకు పల్లె అమ్మ కావచ్చు. మాకు కాదు. మాకు పల్లె అంటే ఊరవతల వాడ, వేరే గ్లాసు, కారంచేడు, చుండూరు. వ్యవసాయం మీద పడి బతికే జనం భారం తగ్గాలంటే పరిశ్రమలే దారి అని బాబాసాహెబ్ అంబేద్కర్ 1918లోనే చిన్న కమతాల గురించి రాసిన వ్యాసంలో వాదించాడు. 1947లో ‘రాష్ట్రాలు – మైనారిటీలు’ రాసినప్పుడు మూల పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలన్నాడు. పరిశ్రమ కావాలి, కానీ అది ఎవరి చేతిలో ఉండాలి, ఎవరికి ఫలం ఇవ్వాలి అన్నది కూడా రాజ్యాంగంలోనే తేలాలి అన్నది ఆయన మాట. మేం ఆయన బడి పిల్లలం. కంపెనీ వద్దు అనడం లేదు. కంపెనీలో మా వాటా ఎంత అంటున్నాం.

ఖాళీ జాగ అంటే ఎవరి జాగ?

కంపెనీ రాగానే సర్కారు ముందుగా చూపించేది భూమి. ఎక్కడి భూమి? దొర మామిడి తోట కాదు. ఆసామి రెండు పంటల మాగాణి కాదు. ఆఫీసర్లు మ్యాపు పరిచి “ఇది గవర్నమెంటు ల్యాండే సార్” అని వేలు పెట్టి చూపేది మా అసైన్డ్ భూమి. తెలంగాణలో లావణి పట్టా అంటాం, ఆంధ్రలో డి-ఫారం పట్టా అంటారు. పేరేదైనా బాధ ఒకటే. రాళ్లు ఏరి, తుప్పలు కొట్టి, అప్పు చేసి బోరు వేసి, రెండు తరాలు చెమట పోస్తే అది భూమి అయింది. అది భూమి అయ్యాక సర్కారుకు ఖాళీ జాగలా కనబడింది.

1977 అసైన్డ్ భూముల చట్టం మా రక్షణకే వచ్చింది. పేదవాడి భూమి దొర కొనకూడదని, కొన్నా చెల్లదని రాశారు. మంచిదే. కానీ దొర కొనకుండా ఆపిన ఆ కాగితాన్నే పట్టుకుని “ఇది నీది కాదు, మాది, మాకు కావాలి, లే” అని సర్కారే మమ్మల్ని లేపుతోంది. అమ్ముకునే హక్కు లేదు గనుక ధర అడిగే హక్కూ లేదంది.

పోలేపల్లిని మరిచిపోగలమా? మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల పక్కన 2003 ప్రాంతంలో ఇండస్ట్రియల్ పార్కు పేరు చెప్పి భూమి తీసుకున్నారు. తర్వాత అది మందుల కంపెనీల సెజ్ అయింది. అసైన్డ్ భూమికి ఎకరాకు 18 వేల రూపాయలు చేతిలో పెట్టారు. ఆ పైసలతో ఆ చుట్టుపక్కల ఎకరం కాదు గదా, ఇంటి జాగ కూడా రాలేదు. నిన్నటి దాకా తన చెల్కలో తాను జొన్న కోసుకున్న మనిషి అదే జాగలో గోడ కట్టే కూలీ అయ్యాడు. చివరికి ఆ బాధితులే నామినేషన్లు వేసి ఎన్నికల్లో నిలబడాల్సి వచ్చింది.

2004లో మన హైకోర్టులో ఏడుగురు జడ్జీలు కూర్చుని మేకల పాండు కేసులో తీర్పు చెప్పారు. అసైన్డ్ భూమిని ప్రభుత్వం తీసుకుంటే పట్టా భూమితో సమానంగా మార్కెట్ ధర కట్టాల్సిందేనన్నారు. 2013 భూసేకరణ చట్టం అసైన్డ్ రైతును కూడా భూమి యజమానిగానే లెక్క పెట్టింది. భూమి లేని కూలీని, కౌలుదారును కూడా బాధిత కుటుంబమే అంది. తీర్పు ఉంది, చట్టం ఉంది. మరి ఆచరణ?

యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాల్లో 19 వేల ఎకరాలకు పైగా ఫార్మాసిటీ అన్నారు. పట్టా భూమికి ఒక రేటు, అసైన్డ్ భూమికి తక్కువ రేటు. గెట్టుకు ఇవతల ఒక మన్ను, అవతల ఇంకో మన్నా? 2023 చివర్లో ప్రభుత్వం మారింది, ఫార్మాసిటీ పేరు పోయి ఫ్యూచర్ సిటీ పేరు వచ్చింది. బోర్డు మారింది గానీ భూమి పోయిన వాడి బతుకు మారలేదు. జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ కోసం 12 వేల ఎకరాలకు పైగా కావాలన్నారు. 2013 చట్టం అడ్డమొస్తుందని 2015లో జీవో 123 తెచ్చి, భూమి ఉన్నవాడితో నేరుగా కొనుగోలు మొదలుపెట్టారు. మరి ఆ భూమి మీద కూలి చేసి బతికేవాడు? వాడి పేరు ఆ జీవోలో లేదు. కోర్టుకు పోయింది ఎవరో తెలుసా? ఆ కూలీలే. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. ఆ తర్వాత సర్కారు అప్పీలుకు పోయింది, చట్టాన్నే సవరించుకుంది. అయినా సరే, భూమి లేనివాడికి కూడా భూమి మీద బతుకు ఉంటుందని కోర్టులో నిలబడి చెప్పింది మన కూలీలే.

మొన్న 2024 నవంబరులో కొడంగల్ పక్కన లగచర్లలో లంబాడీ రైతులు ఎదురు తిరిగారు, జైళ్లకు పోయారు. ఫార్మా నోటిఫికేషన్ వాపసు తీసుకున్నారు. వెంటనే ఇండస్ట్రియల్ పార్కు పేరుతో మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చారు. కలం మారలేదు, పేరే మారింది.

పదిహేను రోజులు, పదిహేనేళ్లు

భూమి ఒక్కటేనా? భూమితో మొదలు. స్టాంపు డ్యూటీ వాపసు. రాష్ట్ర జీఎస్టీ వాపసు. కరెంటు బిల్లులో తగ్గింపు. వడ్డీలో సబ్సిడీ. పెట్టుబడిలో సబ్సిడీ. రోడ్డు మేమే వేస్తాం, నీళ్లు మేమే తెస్తాం అంటారు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వాలని తీర్మానించింది. 99 పైసలకు మా బడి ముందు దుకాణంలో పిల్లవాడికి ఒక చాక్లెట్ రాదు. ఉద్యోగాలు వస్తాయంటారు. రావాలనే మేమూ కోరుకుంటాం. కానీ ఆ ఉద్యోగాలు ఎవరికని అడిగితే మొహం తిప్పుకుంటారు.

తెలంగాణలో 2014లో చేసిన టీఎస్-ఐపాస్ చట్టం ప్రకారం పెద్ద ప్రాజెక్టుకు పదిహేను రోజుల్లో అనుమతులు రావాలి. రాకపోతే వచ్చినట్టే లెక్క. మా వాడ మనిషి తన లావణి భూమి పాసుబుక్కులో పేరు ఎక్కించమని పెట్టుకున్న దరఖాస్తుకు మాత్రం పదిహేనేళ్లయినా జవాబు రాదు. జవాబు రాకపోతే ఎక్కినట్టే అని ఏ చట్టమూ చెప్పదు.

ఈ రాయితీలు ఎవరబ్బ సొమ్ము? మా అమ్మ కూలి డబ్బుల్లోంచి కొన్న సబ్బు మీద జీఎస్టీ ఉంది. మా తమ్ముడి బండిలో పోసిన పెట్రోలు మీద పన్ను ఉంది. అందరి చెంబుల్లోంచి ఒలికిన నీళ్లే ఆ ట్యాంకులో ఉన్నాయి. నీళ్లు అందరివి అయినప్పుడు నల్లా ఒక్క ఇంటికే ఎట్లా పెడతారు?

గేటు దాకానే రిజర్వేషన్

ఒకప్పుడు ప్రభుత్వ పరిశ్రమ అంటే మా తరానికి తెలిసిన అర్థం వేరు. విశాఖ ఉక్కులో, ఆల్విన్‌లో, నిజాం షుగర్స్‌లో వాడ పిల్లవాడు రోస్టర్ పాయింటు మీద లోపలికి పోయాడు. క్వార్టర్ వచ్చింది, పిల్లల్ని చదివించాడు, ఆ పిల్లలే ఇయ్యాల డాక్టర్లు, పంతుళ్లు. నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటు చేతుల్లో పెట్టారు, 2015లో మూతపడింది. విశాఖ ఉక్కును నూటికి నూరు శాతం అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం తీర్మానించింది. ఫ్యాక్టరీ అమ్మితే యంత్రాలు మాత్రమే పోతాయా? రోస్టర్ రిజిస్టర్ కూడా వాటితో పాటే పోతుంది.

వర్గీకరణ కోసం 1994 నుంచి ముప్పయ్యేళ్లు మనలో మనం కొట్లాడుకున్నాం. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2025లో రెండు రాష్ట్రాలూ అమల్లో పెట్టాయి. ఎవరి ముద్ద ఎంతో లెక్క తేలింది. కానీ కుండ మూత తీసి చూస్తే అడుగున గరిటెడు బువ్వే ఉంది. మిగతా బువ్వంతా ఇప్పుడు కంపెనీ వంటింట్లో ఉడుకుతోంది. ఆ వంటింటి గుమ్మంలోకి ఏ రిజర్వేషనూ పోదు.

మా బడిలో పది పాసై, ఐటీఐ చేసిన పిల్లలు కంపెనీకి పోతే లేబర్ కాంట్రాక్టరు ముందు ఊరి పేరు అడుగుతాడు. తర్వాత “ఊళ్లో ఎటువైపు?” అంటాడు. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పాక పిల్లవాడికి మిషను మీద పని దొరకదు, ‘హౌస్‌కీపింగ్’ దొరుకుతుంది. అంటే చీపురు, బకెట్, కక్కసు. ఊళ్లో తాత చేసిన పనికే ఇంగ్లీషు పేరు పెట్టి యూనిఫాం తొడిగారు. ఇదా మా పిల్లలకు మీరు చెప్పిన నైపుణ్యం?

పని గంటల సంగతీ అంతే. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన అంబేద్కర్ ఎనిమిది గంటల పని దినం కోసం నిలబడ్డాడు. 2025లో ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల్లో రోజుకు పది గంటలు చేయించుకోవచ్చని చట్టం సవరించింది. అదే ఏడు తెలంగాణ దుకాణాలు మినహా వాణిజ్య సంస్థలకు పది గంటలన్నది. పెట్టుబడిదారుడికి సులువు కావాలట. ఒకడికి సులువైతే ఇంకొకడి నడుము విరుగుతుందని ఏ పాలసీలోనూ రాయరు.

పారిపోతుందట!

రిజర్వేషన్ మాట ఎత్తగానే మేధావులు భయపెడతారు. పెట్టుబడి పారిపోతుందంటారు, మెరిట్ చచ్చిపోతుందంటారు. సరే, మాట్లాడుకుందాం.

కంపెనీ ఏం చూసి వస్తుంది? భూమి, నీళ్లు, కరెంటు, రేవు, చవక కూలి చూసి వస్తుంది. మా వాడ పిల్లవాడు లేత్ మిషను తిప్పినంత మాత్రాన ఇవన్నీ మాయమవుతాయా? షరతులు కొత్తవా? భూమి ఇచ్చే కాగితంలో ఇన్నాళ్లలో కట్టాలి, ఇంతమందికి ఉద్యోగాలు ఇవ్వాలి అని ఇప్పుడూ రాస్తారు. ఆ “ఇంతమంది” పక్కన “వీళ్లలో ఇంతమంది ఎస్సీ, ఎస్టీ, బీసీలు” అని ఇంకో వరుస రాస్తే సిరా అయిపోతుందా? ప్రైవేటులో రాజ్యాంగం ఒప్పదంటారు. ప్రైవేటు కాలేజీల్లో సీట్ల కోసం 2005లో 93వ సవరణ తెచ్చి 15(5) చేర్చుకోలేదా? కాలేజీ దాకా వచ్చిన రాజ్యాంగం కంపెనీ గేటు దగ్గర ఎందుకు ఆగాలి?

2019లో ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది. అందులో కులం మాట లేదు. స్థానికుడు అంటే ఊరివాడు అని రాసుకుంటే, వాడ ఎప్పుడూ ఊరి లెక్కలోకి రాదు. ఇది మాకు తెలిసినంత మీకు తెలియదు.

ఇక దళిత పారిశ్రామికవేత్తల పథకాలు. తెలంగాణలో 2014లో టీ-ప్రైడ్, ఆంధ్రలో 2020లో బడుగు వికాసం. ఇండస్ట్రియల్ ఎస్టేట్లలో ప్లాట్ల వాటా, పెట్టుబడి మీద సబ్సిడీ. మంచివే, కాదనం. కానీ సబ్సిడీ వచ్చేది యూనిట్ పెట్టాక. పెట్టడానికి ముందు బ్యాంకు దగ్గరికి పోవాలి. బ్యాంకు మేనేజరు తనఖా అడుగుతాడు. లావణి పట్టా చూపిస్తే పక్కకు జరుపుతాడు. అందుకే చాలామంది ట్రాక్టరు, కారు, జేసీబీ దగ్గరే ఆగిపోయారు. మనలో మాట ఇంకోటి ఉంది. మనవాళ్లు నలుగురు కాంట్రాక్టర్లయితే జాతి బాగుపడ్డట్టేనని కొందరు మన నాయకులూ మురుస్తున్నారు. నలుగురి ప్లాట్ల కోసం నాలుగు వేల మంది గేటు బయట నిలబడితే ఆ మురిపెం ఎవరికి?

మేం అడిగేది

పెట్టుబడి అంటే డబ్బు ఒక్కటే కాదు. భూమి ఇచ్చినవాడు కూడా పెట్టుబడి పెట్టినవాడే. డబ్బు తెచ్చినవాడిని ‘ఇన్వెస్టర్’ అని శాలువా కప్పుతారు. భూమి ఇచ్చినవాడిని ‘నిర్వాసితుడు’ అని క్యూలో నిలబెడతారు. ఈ భాషే మారాలి.

అసైన్డ్ భూమికి పట్టా భూమితో సమాన ధర, సమాన పునరావాసం కావాలి. 2013 చట్టాన్ని జీవోలతో, సవరణలతో తొలిచే పని ఆపాలి. భూమి పోయిన కుటుంబానికి ఆ ఎస్టేటులో భూమి మీద వచ్చే లీజులో ఏటేటా భాగం కావాలి. ప్రభుత్వ భూమి గానీ, పన్ను వాపసు గానీ, కరెంటు తగ్గింపు గానీ తీసుకున్న ప్రతి కంపెనీలో జనాభా లెక్కన రిజర్వేషన్ ఉండాలి. కాంట్రాక్టు కూలీకే కాదు, ఆఫీసు కుర్చీ దాకా. ఏ కంపెనీకి ఎంత రాయితీ ఇచ్చారు, ఏ కులం వాళ్లు ఏ పనిలో ఎంతమంది ఉన్నారు అనే లెక్క ఏటా అసెంబ్లీలో పెట్టాలి. రాయితీ వద్దనే కంపెనీ సంగతి వేరు, దాన్ని తర్వాత చూద్దాం. రాయితీ తీసుకున్నవాడు మాత్రం లెక్క చెప్పాలి.

ఒక్క మాటలో చెప్పాలంటే, రాయితీ ఎంతదూరం పోతుందో రిజర్వేషన్ అంతదూరం పోవాలి.

మిత్రులారా, ఈసారి మీ మండలానికి కంపెనీ వస్తుందని దండోరా పడితే వద్దని పరుగెత్తకండి, రమ్మని డప్పూ కొట్టకండి. భూమి ఇచ్చే కాగితం అడగండి. గ్రామసభలో పైకి చదివించండి. మన వాటా వరుస అందులో ఉందా లేదా చూడండి. లేకపోతే అది రాసేదాకా సంతకం పెట్టకండి. మన తాతలకు చదువు రాదు గనుక వేలిముద్ర వేశారు. మనకు చదువు వచ్చింది. చదివే సంతకం పెడదాం.

జై భీమ్!