ఖర్రాటే ఆగినప్పుడే ఖతరా

మనవాళ్లలో ఒక ఖయాల్ బాగా పాతుకుపోయింది. ఎవరైనా ఖర్రాటే పెట్టి పడుకుంటే "ఎంత బేఫికర్‌గా నిద్రపోతున్నాడో, నసీబ్ ఉండాలి" అంటాం. షాదీ ఇంట్లో, రైలు బెర్తు మీద, దావత్ తర్వాత దివాను మీద నడుం వాల్చినవాడి గురక మనకు మజాక్. పొద్దున చాయ్ తాగుతూ ఆ చప్పుడును అనుకరించి మరీ నవ్వుకుంటాం. గురక గాఢనిద్రకు గుర్తు అనే మాట తప్పు. కొందరిలో అది నిద్ర సరిగా సాగడం లేదని చెప్పే అలామత్. ఆ బీమారీ పేరు స్లీప్ ఆప్నియా.

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. కొందరిలో నాలుక, అంగిలి వెనక ఉండే మెత్తని భాగం వెనక్కి వాలి గాలి పోయే దారిని మూసేస్తాయి. ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. 10 సెకన్లు, ఆపైన ఇలా ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు మనిషిని కాస్త లేపుతుంది. పెద్ద గుర్రుతో ఊపిరి అందుతుంది, మళ్లీ నిద్రలోకి జారతాడు. శ్వాస ఆగడమో బాగా తగ్గడమో గంటకు 5 నుంచి 15 సార్లు జరిగితే తేలికపాటి జబ్బు, 15 నుంచి 30 అయితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. అంటే రెండు నిమిషాలకోసారి నిద్ర చెదిరినట్టు. పొద్దున లేచాక ఇందులో ఒక్కటీ యాద్ ఉండదు.

ఉర్దూలో ఖర్రాటే, తెలుగులో గురక. రెండూ చప్పుడుకు పెట్టిన పేర్లే. మధ్యలో వచ్చే ఖామోషీకి మన ఇళ్లలో పేరు లేదు. గురక పెట్టే ప్రతి ఇన్సాన్‌కూ ఈ బీమారీ ఉండదు. కానీ గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపు నిశ్శబ్దం తర్వాత ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవుతుంటే అది మజాక్ కాదు. చప్పుడు ఆగింది కదా అని పక్కవాళ్లు హాయిగా కళ్లు మూసుకునే క్షణమే అసలు చూడవలసిన క్షణం.

పడుకున్నవాడు దీనికంతా బేఖబర్. గవాహీ చెప్పగలిగేది పక్కన పడుకున్నవాళ్లే, మన ఇళ్లలో చాలాసార్లు బీవీయే. మా ఖాలూ ఏళ్ల తరబడి బీపీ మందులు మార్చి మార్చి వాడారు. డాక్టర్ దగ్గర ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే, "నాకేం తక్లీఫ్ లేదు సాబ్, నిద్ర బ్రహ్మాండంగా పడుతుంది." ఒకసారి మా ఖాలా తోడు వెళ్లింది. "రాత్రి ఊపిరి ఆగిపోతుంది సాబ్, నేనే భుజం తట్టి పక్కకు తిప్పుతాను" అంది. అప్పుడు గానీ నిద్ర పరీక్ష రాయలేదు. అందుకే నా రాయ్ ఇది: గురక గురించి డాక్టర్ దగ్గరికి వెళ్లే మగవాడు బీవీని వెంట తీసుకెళ్లాలి, ముందు ఆమెను మాట్లాడనివ్వాలి. తీసుకెళ్లడం కుదరకపోతే రాత్రి ఫోన్‌లో నాలుగు నిమిషాలు వీడియో తీయించుకున్నా పనికొస్తుంది.

మరి ఆమెకే ఈ జబ్బు ఉంటే గవాహీ ఎవరిది? ఆడవాళ్లలో గురక కంటే అలసట, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, దిగులు ముందు కనిపించవచ్చు. నెలసరి ఆగిపోయాక ముప్పు పెరుగుతుంది. మనం మాత్రం కమ్జోరీ అని టానిక్ సీసా తెచ్చిపెడతాం. ఆడది గురక పెడుతుందని చెప్పడం శరం అనుకుంటాం. అమ్మీ పక్కన పడుకునే బేటీ, బహూ ఈ సంగతి గమనించి చెప్పాలి.

పగటి అలామత్‌లు కూడా ఉన్నాయి. లేవగానే నోరు ఎండిపోవడం, తల బరువుగా నొప్పి పెట్టడం, రాత్రి మాటిమాటికీ మూత్రానికి లేవడం, మతిమరుపు, చిరాకు, మందులకు లొంగని బీపీ. ఎనిమిది గంటలు పడుకున్నా కూర్చున్నచోటే కునుకు రావడం. రంజాన్‌లో సహరీకి లేచే రోజుల్లో పగలు మగత మామూలే. ఈద్ వెళ్లి నెల దాటినా అదే మగత ఉంటే రోజాల మీద నెట్టకండి. పిల్లల్లో టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగితే ఇదే జబ్బు రావచ్చు. నోటితో ఊపిరి పీల్చడం, పక్క తడపడం, బడిలో కుదురు లేకపోవడం వాళ్ల అలామత్‌లు.

టొరంటోలో మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కు వచ్చే పేషెంట్ల కోసం ఎనిమిది సవాళ్లు తయారుచేశారు. గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బరువు, 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు దాటిన మెడ, మగవాడు కావడం. మూడింటికి అవును అంటే డాక్టర్‌తో మాట్లాడాలి. అయిదు లేదా అంతకంటే ఎక్కువైతే ఖతరా ఎక్కువ. మెడ కొలవడానికి దర్జీ టేపు చాలు. సన్నగా ఉన్నాం కదా అని నిశ్చింత వద్దు, దవడ చిన్నదైతే సన్నవాళ్లకూ వస్తుంది.

'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మన ఇళ్లలోకి వచ్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో ఇంతెఖాల్ అయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం స్లీప్ ఆప్నియానే. చాలామంది ఆ పేరు మొదటిసారి విన్నది అప్పుడే. నాలుగు రోజులు మాట్లాడుకుని మర్చిపోయాం.

నాకు ఎక్కువ ఫికర్ డ్రైవర్ల గురించి. మన బిరాదరీలో లారీ, ఆటో, క్యాబ్ నడిపి ఇల్లు గడుపుకునేవాళ్లు ఎందరో. ఈ జబ్బు ఉన్న డ్రైవర్ రాత్రంతా పడుకున్నా స్టీరింగ్ ముందు కునుకు తీస్తాడు. ప్రమాదం జరిగితే "నిర్లక్ష్యం" అని రాస్తారు, నిద్ర ఎందుకు ఆగలేదని ఎవరూ పూఛ్‌తాఛ్ చేయరు. రోడ్డు భద్రత పేరుతో డ్రైవర్లకు కంటి పరీక్షల క్యాంపులు పెడతారు. అక్కడే ఈ ఎనిమిది సవాళ్లు అడగాలి. మెడకు టేపు చుట్టడానికి ఖర్చేముంది? రోజీ పోతుందనే భయంతో డ్రైవర్ దాచుకుంటాడు కాబట్టి ఇలాజ్ చేయించుకుంటే మళ్లీ బండి ఎక్కవచ్చనే భరోసా కూడా ఇవ్వాలి.

ఇలాజ్ ఉంది. బరువు తగ్గడం, వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం చాలామందికి మేలు చేస్తాయి. అవసరమైతే ముక్కుకు మాస్క్ పెట్టి గాలి ఒత్తిడితో దారి తెరిచి ఉంచే సీప్యాప్ మెషీన్ ఉంది. ఆస్ట్రేలియా డాక్టర్ కోలిన్ సలివన్ 1981లో దాన్ని లోకానికి పరిచయం చేశాడు. వాడినన్ని రాత్రులు పనిచేస్తుంది, మానేస్తే జబ్బు తిరిగొస్తుంది. నిద్ర పట్టడం లేదని సొంతంగా నిద్రమాత్రలు మాత్రం మింగకండి, కొన్ని మాత్రలతో గొంతు ఇంకా వదులవుతుంది. శరాబ్ కూడా అంతే.

ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరి గురకైనా టక్కున ఆగితే అటు తిరిగి పడుకోకండి. లేచి కూర్చుని చూడండి, సెకన్లు లెక్కపెట్టండి. తెల్లారాక నవ్వకుండా ఆ లెక్క వాళ్లకు చెప్పండి.