ప్రేటర్ రంగులరాట్నం, మన ఆదివారం

ఐరోపాలో ఆస్ట్రియా దేశం రాజధాని వియన్నా. మన పిల్లల్లో ఎవరైనా చదువుకో, నౌకరీకో ఆ వైపు పోతే ఒక పూట ప్రేటర్ చూసి రమ్మనండి. ప్రేటర్‌స్టెర్న్ స్టేషన్‌లో మెట్రో దిగి బయటికి వస్తే చాలు, పెద్ద రంగులరాట్నం కనబడుతుంది. లోపలికి పోవడానికి టికెట్టు లేదు. ఏ ఆట ఎక్కితే దానికే పైసలు. చేతిలో ఏమీ లేకున్నా సాయంత్రం దాకా తిరిగి రావచ్చు.

ఆ రాట్నాన్ని 1897లో వాల్టర్ బాసెట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు కట్టించాడు. ఎత్తు సుమారు 65 మీటర్లు. మన జాతర రాట్నంలాగా కడుపులో తిప్పదు, మెల్లగా పోతుంది. చిన్న రైలుడబ్బా లాంటి పెట్టెలో నిలబడి ఊరంతా చూడొచ్చు. మొదట అలాంటి పెట్టెలు 30 ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో రాట్నం కాలిపోయింది. మళ్లీ నిలబెట్టినప్పుడు అంత బరువు మోస్తుందో లేదో అని 15 పెట్టెలే తగిలించారు. ఇప్పటికీ అన్నే.

ఆ చోటు రాట్నం కన్నా చాలా పాతది. ఒకప్పుడు అది రాజులు వేటాడే అడవి, మామూలు జనానికి ప్రవేశం లేదు. 1766లో రెండో జోసెఫ్ చక్రవర్తి దాన్ని అందరికీ తెరిచాడు. వెంటనే తినుబండారాల కొట్లు, కాఫీ దుకాణాలు, ఉయ్యాలలు వచ్చేశాయి. అయితే మధ్యలో చెట్ల వరసల నడుమ 4 కిలోమీటర్లు దాటి పోయే తిన్నని బాట ఉంది. మే 1 వచ్చిందంటే ఆ బాట మీద గొప్పోళ్ల గుర్రబ్బళ్ల ఊరేగింపు. మిగతా జనం పక్కన నిలబడి చూడాల్సిందే.

1890 మే 1 గురువారం. పని దినం. ఫ్యాక్టరీలో రోజుకు 11 గంటల పని చట్టంలోనే రాసి ఉన్న కాలం. 8 గంటల పని కావాలని వియన్నా కార్మికులు ఆ రోజు పని ఆపి, వరసలు కట్టి ప్రేటర్‌కి నడిచారు. వాళ్ల నాయకుడు విక్టర్ అడ్లర్ అప్పటికి జైల్లో ఉన్నాడు. గొడవలవుతాయని భయపడి ఊళ్లో దుకాణాలు మూసుకున్నారు, పోలీసులు, సైన్యం సిద్ధంగా ఉన్నారు. ఒక్క గొడవ జరగలేదు. పెళ్లాం పిల్లలతో కలిసి గొప్పోళ్ల బాట మీదే నడిచారు. 8 గంటల చట్టం రావడానికి మొదటి ప్రపంచ యుద్ధం అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పటికీ మే 1న ప్రేటర్‌లో కార్మికుల పండుగ జరుగుతుంది.

అదే 1890లో, జూన్ 10న, బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సుట్టి దొరికింది. దానికోసం ఏళ్లకేళ్లు కొట్లాడినవాడు నారాయణ మేఘాజీ లోఖండే. బట్టల మిల్లుల్లో చెమటోడ్చిన మన తాతలు, ముత్తాతలు ఆ ఆదివారం మీదే బతికారు.

చక్రవర్తి గేటు తీసి 124 ఏళ్లయినా, పని గంటలు తగ్గనిదే ఆ తోట కూలివాడిది కాలేదు. మన ఇళ్లల్లో ఇంకా సాంచాల మీద పీసు లెక్కన పగారు తీసుకునేవాళ్లున్నారు. ఆదివారం కూడా కూర్చోకపోతే పొయ్యి వెలగదనే ఇల్లు మన వాడలోనే ఉంది. అలాంటి ఇంట్లో పిల్లలకు జాతర చూపించాలంటే రాట్నం టికెట్టు కన్నా ముందు నాన్నకు ఒక పూట సుట్టి కావాలి. ఈసారి వాడ మీటింగులో జాతర చందాతో పాటు ఆ మాట కూడా ఎత్తుదాం.