పాటల సంస్థలో పెట్టుబడి

శ్రీహరికోట నుండి రాకెట్టు లేచిన ప్రతిసారీ మన విద్యార్థులు ఉప్పొంగిపోవుట సహజం. అయితే ఉపగ్రహం కక్ష్యలో నిలిచినంత మాత్రాన దానిపై నడిచే వ్యాపారం కూడ నిలుస్తుందని చెప్పలేము. తొలి సంపాదనను పాటలు వినిపించే సంస్థల వాటాలలో చిరకాలం ఉంచదలచిన యువకులు ఈ సంగతి గ్రహించాలని మా మనవి.

వరల్డ్‌స్పేస్ ఉదంతమే చూడండి. దాని ఆసియాస్టార్ ఉపగ్రహం 2000 మార్చిలో ఎగిరింది – మన దీవి నుండి కాదు, ఫ్రెంచి గయానా నుండి. చందాదారులకు ‘స్పందన’ అనే తెలుగు ప్రసారంతో సహా పలు భాషల సంగీతాన్ని ఆ సంస్థ వినిపించింది. 2005లో అమెరికా నాస్‌డాక్ విపణిలో ఒక్కొక్క వాటాను 21 డాలర్లకు అమ్మింది. 2008లో దివాలా తీసింది. 2009 చివరితో మన దేశంలో దాని గొంతు మూగవోయింది. లోపం సంగీతానిది కాదు. ఉపగ్రహాలకు ముందే అపారమైన ధనం గుమ్మరించారు. శ్రోత ప్రత్యేకమైన రేడియో కొని, దాని యాంటెన్నాను ఆకాశానికి అభిముఖంగా నిలుపవలసి వచ్చింది. ఎఫ్.ఎం. ఉచితంగా పలికే ఇంట అంత శ్రమ ఎవరు పడతారు?

నేటి స్పాటిఫైకి ఆ బెడద లేదు. 2024 చివరికి 26 కోట్లకు పైబడి చందాదారులున్నారు. కాని ఆదాయంలో ఇంచుమించు మూడింట రెండు వంతులు పాటల హక్కుదారులకే పోతుంది. శ్రోతలు పెరిగితే చెల్లింపులూ పెరుగుతాయి. 2018లో విపణికెక్కిన ఆ సంస్థ ఏడాది పొడుగునా లాభం చూచినది 2024లోనే. చందా పెంచినా శ్రోతలు నిలిచినందున ఆ లాభం సాధ్యమైంది. మన దేశంలో డబ్బిచ్చి పాట వినే అలవాటు ఇంకను తక్కువ. ఎయిర్‌టెల్ వారి వింక్ 2024లో మూతపడింది.

మా మటుకు, పాట వినిపించేవాని వాటా కంటె పాట స్వంతంగా గలవాని వాటాయే మేలనిపిస్తుంది. పాత గ్రామఫోను కంపెనీ – కుక్క బొమ్మ రికార్డులవారు – 2000లో సరేగమగా పేరు మార్చుకొన్నారు. పాట ఏ సంస్థ ద్వారా వినబడినా వారికి రుసుము ముడుతుంది. ఆ ఆస్తి కూడ శాశ్వతం కాదు సుమా! ధ్వనిముద్రణపై హక్కు మన చట్టంలో 60 ఏండ్లే. 1957 నాటి ‘మాయాబజార్’ రికార్డుల హక్కు 2017తో తీరింది. 1980 నాటి ‘శంకరాభరణం’ 2040 వరకు ఉంటుంది.

కనుక వాటా కొనేముందు వార్షిక నివేదిక తెరిచి, ఆదాయంలో హక్కుదారులకు పోయేదెంత, చందా పెరిగినపుడు విడిచిపోయినవారెందరు అన్నది చూడండి. చెల్లెలి ఫీజుకు దాచిన పైకాన్ని మాత్రం ఇందులో పెట్టవద్దు.