చుక్క ఒకచోట... చిల్లు ఇంకోచోట!

టులెట్ బోర్డు మీద 'పెంట్‌హౌస్' అని చూసి ఆశగా మెట్లెక్కితే, పైన రేకుల గది! హైదరాబాద్‌లో రూమ్ వెతికిన బ్యాచిలర్లకి ఈ షాక్ కొత్తేం కాదు. నేనూ తిన్నా. ఎండాకాలం పెనం, వానాకాలం డప్పు. అద్దె తక్కువ కదా అని సర్దుకున్నా.

జులైలో ఓ రాత్రి సరిగ్గా నా ల్యాప్‌టాప్ మీద 'టప్' మని చుక్క పడింది. ఓనర్ అంకుల్‌కి ఫోన్ చేస్తే "చూద్దాం బాబూ" అన్నారు. ఆ 'చూద్దాం'కి అర్థం మనకి తెలిసిందేగా! రెండు వీడియోలు చూసి, సీలెంట్ ట్యూబ్ కొని, ఆదివారం నేనే పైకెక్కా. చుక్క పడే చోటికి సరిగ్గా పైన దట్టంగా పూసేశా. దిగబోతూ, పక్కనున్న వరండాకి వెలుతురు కోసం వేసిన ఫైబర్ రేకు మీద కాలేశా.

ఫట్!

కాలు తొడ దాకా దిగిపోయింది. పక్క రేకు అంచు దొరకబట్టి ఆగా. అరచెయ్యి తెగింది. కింద పదడుగుల లోతులో బట్టలుతికే బండ.

ఆ రాత్రే వాన. మళ్లీ అదే చోట 'టప్'.

రేకు పగిలిందనేసరికి అంకుల్ మర్నాడే మేస్త్రిని పంపారు. ఆయన నా పూత చూసి నవ్వాడు. "తమ్మీ, నీళ్లు కారిన కాడ చిల్లుండదు. పైనెక్కడో దూరి, పైపు పట్టుకొని నడిచొచ్చి ఈడ పడతయ్."

నిజమే. నాలుగడుగుల పైన రెండు స్క్రూల కింద రబ్బరు వాషర్లు చిట్లిపోయి ఉన్నాయి. బిగించినవాళ్లు మరీ గట్టిగా బిగించారట. వాషర్ కాస్త నొక్కుకుంటే చాలు, నలిగి బయటికి రాకూడదు. వదులైనా కారుతుంది. పైగా 12 అడుగుల ఇనుప రేకు 40 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర మిల్లీమీటర్లకి పైనే సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. రోజూ ఇదే పని. నలిగిన రబ్బరు ఎన్నాళ్లు తట్టుకుంటుంది? దుమ్ము కూడా తుడవకుండా నేను పూసిన పూత ఎన్నాళ్లు అతుక్కుంటుంది?

పాత స్క్రూలు 5.5 మిల్లీమీటర్లవి. వాటి చిల్లులు వదులైపోయాయని 6.3వి వేశాడు. డ్రిల్లు కొట్టినప్పుడు రాలిన ఇనప పొట్టంతా ఊడ్చేశాడు. వదిలేస్తే అది తుప్పు పట్టి రేకు రంగునీ పాడుచేస్తుందట. ఫైబర్ రేకు కూడా మార్చాడు. అంతా కలిపి గంటన్నర పని. ఆ రెండు స్క్రూల కన్నా నా సీలెంట్ ట్యూబ్ ఖరీదే ఎక్కువ!

పైన ఆయన నడక చూశా. స్క్రూల వరస మీదే అడుగులు. "కింద పైపుంటది గదా, ఆడనే కాలెయ్యాలె. ఫైబర్ రేకు మీద, పాత సిమెంటు రేకు మీద అసలెయ్యొద్దు. తడి రేకు ఎక్కనే ఎక్కొద్దు."

నేను చూసిన రెండు వీడియోల్లోనూ ఎక్కడ పూయాలో చూపించారు. ఎక్కడ కాలు పెట్టకూడదో ఎవరూ చెప్పలేదు. మీ రూమ్‌లో 'టప్' మంటే బకెట్ పెట్టండి, ఓనర్‌కి పదిసార్లు ఫోన్ చేయండి. పైకి మాత్రం ఎక్కకండి.