పరదేశపు జట్టు

ధనమును కీర్తియు ఒకేమారు వాకిట నిలిచి పిలిచినపుడు వలదనువాడుండునా యని లోకులు ప్రశ్నింతురు. ఆటయే జీవనోపాధిగా గల క్రీడాకారుల విషయమున ఈ ప్రశ్న తరచుగా వినవచ్చుచుండును. పరదేశపు జట్టు పెద్ద వేతనమిచ్చి రమ్మనగా ఆటగాడు వెనుకాడినచో, కొందరు వానిని పిరికివాడందురు. వెళ్లినచో మరికొందరు ధనాశాపరుడందురు. ఈ రెండు తీర్పులును తొందరపాటుతో చేసినవే. వెనుకాడుటకు గల కారణములను విచారించినచో, అది పలుమారులు పిరికితనము కాదనియు, తన్ను తానెరిగినవాని వివేకమనియు తేటపడును.

కలకత్తాలోని మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బునకు ఆడుచుండిన మహమ్మద్ సలీం అను ఫుట్‌బాలు ఆటగాడు 1936వ సంవత్సరమున స్కాట్లండు దేశమునకు వెళ్లెను. గ్లాస్గో నగరమునందలి సెల్టిక్ క్లబ్బువారు అతని నేర్పును చూచి, తమ రెండవ జట్టున ఆడించిరి. తక్కినవారందరు బూట్లు ధరించి యుండగా, సలీం పాదములకు పట్టీలు మాత్రము చుట్టుకొని ఆడెను. ప్రేక్షకులు ముగ్ధులైరి. పత్రికలు ప్రశంసించెను. క్లబ్బువారు ఉండుమని కోరిరి. అయినను అతనికి ఇంటిపై బెంగ కలిగెను. రెండు ఆటలు మాత్రమే ఆడి స్వదేశమునకు మరలి వచ్చెను. అతనికి కొరవడినది నేర్పు కాదు. ధైర్యమును కాదు. ఎరుగని నేలపై, ఎరుగని జనుల యెదుట, బూట్లు లేని పాదములతో నిలిచినవాడు పిరికివాడెట్లగును? కొరవడినది తనవారి తోడు మాత్రమే.

పరుగుపందెమున పాల్గొనువానికి తన కాళ్లు చాలును. జట్టుగా ఆడు ఆటలో అట్లు కాదు. తోడి ఆటగాని చూపును బట్టియే బంతి ఎటు రానున్నదో గ్రహింపవలెను. శిక్షకుని మాట చెవిని బడినంతనే బోధపడవలెను. ఏండ్లతరబడి కలసి ఆడుటచే కలిగిన ఈ ఎరుకను మూటగట్టి ఓడలోనో విమానములోనో కొనిపోవుటకు వీలులేదు. క్రొత్తచోట భాష వేరు, భోజనము వేరు, చలిగాలి వేరు. మైదానమునుండి ఇంటికి వచ్చిన పిదప మనసిచ్చి మాటాడువారుండరు. ఇక క్రీడాకారుని ఆటవయస్సా మిగుల స్వల్పము. అందు ఒక్క యేడు వ్యర్థమైనను ఆ లోటు తీరుట కష్టము.

ఇంగ్లండు దేశపు జిమ్మీ గ్రీవ్స్ కథ ఇందుకు మరియొక నిదర్శనము. ఇటలీలోని మిలాన్ క్లబ్బుతో ఒప్పందము కుదిరిన పిదప ఆయన వెనుకాడెను. కాని తప్పించుకొనలేక 1961లో అచటికి వెళ్లెను. అచట గోలులు చేయలేదా? చేసెను. అయినను అచటి కఠినమైన కట్టుబాట్లలో ఇమడలేక, ఆ సంవత్సరము డిసెంబరులోనే మరలివచ్చి, లండనులోని టాటన్‌హాం క్లబ్బున చేరెను. ఆ క్లబ్బునకు ఆయన చేసిన గోలులు మొత్తము 266. మరలివచ్చుట ఓటమి కాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

అట్లని ఎవ్వరును ఊరు విడువరాదని కాదు. వేల్సు దేశపు జాన్ చార్లెస్ 1957లో ఇటలీలోని జువెంటస్ క్లబ్బున చేరి, ఐదేండ్లు ఆడి, మూడుమారులు ఆ జట్టు దేశవిజేత యగుటకు తోడ్పడెను. అచటి ప్రజలు ఆయనను మంచిమనసుగల మహాకాయుడని ముద్దుగా పిలిచిరి. కాని అంతటివానికిని, 1958 ప్రపంచకప్పు పోటీలలో స్వదేశము తరఫున ఆడుటకు అనుమతి ఆలస్యముగా లభించెను. నేడు ప్రపంచకప్పునకు ఆటగాండ్రను క్లబ్బులు విడిచి తీరవలెనను నియమమున్నది. ఆ చిక్కు తీరినది. ఇంటి బెంగను తీర్చు నియమమును మాత్రము ఎవ్వరును చేయజాలరు.

నారును పెరికి వేరొక మడిలో నాటిన రైతు మరునాడే పంటను కోరడు. వాడిన నారు వేరూని పచ్చబడువరకు నీరు పెట్టి కాచుకొనును. ధనమిచ్చి ఆటగానిని పిలుచుకొన్న జట్టు చేయవలసినదియు ఇదియే. భాష నేర్పవలెను, తోడు చూపవలెను, ఓర్పు వహింపవలెను. వెళ్లువాడును వేతనమెంత యని మాత్రమే గాక, అచట తనతో మాటాడువారెవరని కూడ విచారింపవలెను.

ఊరు విడిచి వెళ్లినవానిని ధనాశాపరుడని నిందింపకుడు. ఊరిలో నిలిచినవానిని పిరికివాడని ఎగతాళి చేయకుడు. మరలివచ్చినవానిని చూచి నవ్వకుడు. మీ తరగతికే వేరొక ఊరినుండి క్రొత్త విద్యార్థి వచ్చి, మూలనున్న బల్లపై ఒంటరిగా కూర్చుండిననాడు, సలీం గ్లాస్గో నగరమున దేనికై పరితపించెనో మీకు బోధపడును. ఆనాడు మొదట లేచి వాని ప్రక్కకు వెళ్లువాడే జట్టు అనగా నేమో ఎరిగినవాడు.