పలక మారినది, పాఠమో?

2022 డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన పాఠశాలలలోని యెనిమిదవ తరగతి బాలబాలికలకును, వారి యుపాధ్యాయులకును ట్యాబులు పంచ నారంభించెను. మొత్తము ఐదు లక్షలకు పైబడినవి. వానియందు బైజూస్ అను సంస్థవారి పాఠములు ముందుగనే నింపబడియుండెను. చేపలచెరువు కాపలాదారుని కొడుకును, కొబ్బరి దింపువాని కూతురును ఆ క్రొత్త పలకను చేతబట్టి యిల్లు చేరినపుడు సంతసింపని వారెవరు? మేమును సంతసించితిమి. రెండేండ్లయినను తిరుగకమునుపే, 2024 జూలైలో, ఆ సంస్థ దివాలా విచారణకు లోనయ్యెను. పాఠము వ్రాసినవాడే న్యాయస్థానమున నిలువబడియుండగా, పాఠ్యపుస్తకము మారినపుడు దాని ననుసరించి పాఠమును మార్చువాడెవడు? తప్పున్నచో దిద్దువాడెవడు?

ఇది యొక్క సంస్థకు సంబంధించిన విషయము కాదు. ఎరువు సొమ్ముపై విద్యను నిలుపుటకు సంబంధించినది. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు అమెరికావారి యుపగ్రహము సాయమున ఆంధ్రతో సహా ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమైనవి. తెలుగు పల్లెల పిల్లలు తెలుగున పాఠము వినిరి. ఏడాది నిండెను, ఉపగ్రహము వెడలిపోయెను, దానితో ఆ పల్లెలకు నేరుగ వచ్చుచుండిన ప్రసారమును నిలిచెను.

బోధనోపకరణములు మనకు పడమటినుండియే రావలెనను భ్రాంతి మన విద్యాధికులలో మెండు. 1789లో మదరాసు ఎగ్మూరున అనాథబాలుర పాఠశాలకు పెత్తనదారుగా నుండిన ఆండ్రూ బెల్ అను దొర మన నాటుబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుకొనుట చూచెను. తన బడిలోను అట్లే ఇసుక పోయించెను. ఉపాధ్యాయులు వలదన్నను వినక, నేర్చిన పిల్లవానిచేత నేరువని పిల్లలకు చెప్పించెను. 1797లో ఆ సంగతి లండనులో అచ్చొత్తించెను. ‘మదరాసు పద్ధతి’ యను పేర ఇంగ్లండు బీదపిల్లలు వేలకొలది పాఠశాలలలో చదువుకొనిరి. ఇసుకకు వెల లేదు. దానిని వాడు క్రమమునకే వెల.

ఆ క్రమమునకే నేడు ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అని పేరు. మనము పాఠరచన యనవచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున లక్షలాది సిపాయిలకు స్వల్పకాలమున యంత్రవిద్య నేర్పవలసివచ్చి అమెరికా దేశమున ఇది యొక శాస్త్రముగా పెంపొందెను. దాని సారము కష్టమైనది కాదు. పిల్లవాడు తుదకేమి చేయగలుగవలెనో మొదట నిర్ణయింపుము. చేయగలిగెనని యెట్లు తెలియునో తరువాత నిర్ణయింపుము. అటుపైని పాఠము వ్రాయుము. ఉపకరణమును కడపట నెన్నుకొనుము. మన ప్రభుత్వములు దీనిని తలక్రిందు చేసి ఉపకరణమును మొదట కొనుచున్నవి.

ఒక యుదాహరణము. ధవళేశ్వరము బ్యారేజివద్ద నీటిమట్టము 11.75 అడుగులైనపుడు మొదటి ప్రమాదహెచ్చరిక. ప్రవాహము సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 13.75 అడుగులకు రెండవది, 13 లక్షలు. 17.75 అడుగులకు మూడవది; 17 లక్షలు. ఈ మూడు జతల సంఖ్యలను ఎనిమిదవ తరగతి పిల్లవానిచేత గళ్లకాగితముపై గుర్తింపజేయుడు. మొదటి రెండడుగులకు 3 లక్షలు పెరుగగా తరువాతి నాలుగడుగులకు 4 లక్షలే యేల పెరిగెనని వాడే యడుగును. 1986 ఆగస్టు వరదలో 35 లక్షలు దాటిన ప్రవాహమును ఆ కాగితముపై ఎక్కడ పెట్టవలెనని వెదకును. లంకలో నుండు పిల్లవానికి ఆ గీత వట్టి గీత కాదు. అమ్మమ్మ పశువులను గట్టుపైకి తోలిన రాత్రి అందున్నది. ఈ పాఠమును బెంగుళూరున కూర్చున్నవాడెవడు వ్రాయును? ట్యాబులో పెట్టినను ఇది మంచి పాఠమే, నల్లబల్లపై వ్రాసినను మంచి పాఠమే.

యంత్రము వలదని మేమనుట లేదు. పెరూ దేశపు గ్రామపాఠశాలలలో పిల్లలకు ల్యాప్‌టాపులు పంచి, ఫలితమును పరీక్షించి 2012లో ప్రకటించిరి: లెక్కలలోగాని భాషలోగాని వృద్ధి కానరాలేదు. ఢిల్లీలో మరియొక పరీక్ష జరిగెను. పిల్లవాడేతరగతిలో నున్నాడని కాక, వానికి నిజముగ నెంత వచ్చునో కనిపెట్టి అక్కడనుండి పాఠము చెప్పు కార్యక్రమమును కంప్యూటరున నడపి, ప్రక్కన నొక సహాయకుని నుంచిరి. నాలుగున్నర నెలలలోనే లెక్కలయందును హిందీయందును చెప్పుకోదగిన వృద్ధి కనబడెనని 2019లో ప్రచురించిరి. రెండింటను యంత్రమున్నది. పాఠరచన యున్నది రెండవదానియందే.

కాగా మన రాజమహేంద్రవరమున 1894లో స్థాపింపబడిన ట్రెయినింగు కళాశాల యున్నది. బొమ్మూరునను, దూబచర్లయందును ఉపాధ్యాయశిక్షణసంస్థ లున్నవి. పాఠములుంచుటకు 2017లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన దీక్ష యను ఉచితవేదిక యున్నది. లేనిదెల్లను ఉపాధ్యాయునకు తీరిక. కొన్నియేండ్ల క్రిందట మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపుట కూడ మన పంతుళ్ల విధులలో జేరియుండెను! అట్టి పనికి దొరికిన గంటలు పాఠరచనకు దొరకవా? ట్రెయినింగు కళాశాలలో పాఠరచనకొక శాఖ తెరచి, రెండు గోదావరి సీమల ఉపాధ్యాయులను కొందరిని ఏడాదిపాటు బడిపనినుండి విడిపించి, జీతము తగ్గింపక అక్కడ కూర్చుండబెట్టవలెను. వారు వ్రాసినది మరల బడిలో చెప్పి చూచి, పిల్లలకు తెలియనిచోట తిరిగి వ్రాయవలెను.

ఒప్పందపత్రములు చదువుట మా వృత్తి గావున మరియొక మాట. ఇకమీద ఏ సంస్థతో ఒడంబడిక జరిగినను, అందు మూడు షరతులుండవలెను: పాఠముల హక్కు ప్రభుత్వమునకు దఖలు పడవలెను; సంస్థ మూతపడినను పాఠములను దిద్దు అధికారము మన ఉపాధ్యాయుల కుండవలెను; పిల్లలు వ్రాసిన జవాబుల చిట్టా పరులపాలు కారాదు. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగతసమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి విషయమున తలిదండ్రుల సమ్మతి వలయునన్నది. సంతకము కాకమునుపే ఆ పత్రమును తెలుగున ప్రకటింపవలెను. మన పఠనమందిరములలో దానిని చదివి ఆక్షేపణలు వ్రాయగలవారు, మా యెరుకలోనే, పదుగురున్నారు.